సముద్ర మట్టానికి మోకాలెత్తు

మా నాయనమ్మ పుట్టిన ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఊరివాళ్ళెవరో చదివి, దీపస్తంభం రేవుకి కుడివైపు కాదు ఎడమవైపు అని పేచీకొస్తారు. ఆ పేచీ మా ఇంట్లో ఒక పండగ ముందు నెలంతా నడిచింది, మళ్ళీ వినే ఓపిక నాకు లేదు. శ్రీకాకుళం వైపు తీరంలో, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక దీవి, ఆ దీవి మీద ఒకప్పటి ఓడరేవు అనుకోండి, చాలు.

ఆ రేవు వైభవమంతా మేం ఖరగ్‌పూర్‌లో కూర్చుని నాయనమ్మ నోట విన్నదే. ఓడలు దూరంగా లంగరు వేసేవట. బియ్యం, ఉప్పు, నువ్వులు, చింతపండు పడవల్లో తీసుకెళ్ళి వాటికెక్కించేవారట. రంగూన్ నుంచి టేకు దుంగలూ రంగురంగుల గొడుగులూ దిగేవట. సుంకం కచేరీ, మందపాటి గోడల గిడ్డంగులు, అక్కడే పోయిన దొరల సమాధులు, చీకటి పడితే వెలిగే దీపస్తంభం, ఇవన్నీ ఆమె మాకు అన్నం ముద్దలతో కలిపి పెట్టింది. ఆమె తండ్రి ఓడలకి సరుకెక్కించే కూలీల మేస్త్రీ. ఆఖరి ఓడ వెళ్ళేనాటికి నాయనమ్మ చంకలో పిల్ల. అయినా ఆ ఓడ పొగ ఏ దిక్కుకి వాలిందో ఇప్పటికీ చెబుతుంది. చంకలో పిల్లకి అదెలా గుర్తుంటుందని ఒకసారి అడిగాను.

"సంకలో ఉన్నోళ్ళకే బాగా కనపడతాది. ఎత్తు మీదుంటారు గదేటి" అంది.

నేను ఇక్కడే ఒక బడిలో చరిత్ర పాఠం చెబుతాను. ఇలాంటి సాక్ష్యాన్ని ఎలా కొట్టిపారెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

రేవు ఎందుకు పోయిందంటే మాత్రం ఆమె దగ్గర ఒకటే జవాబు. లోపలి ఊళ్ళ మీదుగా రైలు పట్టాలు పడ్డాయి. సరుకు మెల్లమెల్లగా పడవ దిగి రైలెక్కింది. అడిగే నాథుడు లేక ఏటి మొగ ఇసక మేట వేసింది. మేస్త్రీకి పని పోయింది. కూతురు పెళ్ళీడుకి వచ్చేసరికి, ఆయన పోయి పోయి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే కుర్రాడికిచ్చి చేశాడు. ఊరిని మింగిన రైలుకే పిల్లనిచ్చాడన్నమాట. ఈ అన్నమాట నాది కాదు, నాయనమ్మది. కూరలో ఉప్పు ఎక్కువైందని తాత అన్నప్పుడల్లా ఆ మాట తీసేది.

"మీ రైలే మా రేవుని మింగినాది."

"ఆ రైలే నీకు కూడు పెడతన్నాది" అనేవాడు తాత.

"అవును మరి. మింగిందాన్ని కొంచెం కొంచెం కక్కుతన్నాది" అనేది.

ఇక రైల్వే ఇళ్ళలో పుట్టనివాళ్ళకి పాస్ సంగతి చెప్పాలి. ఉద్యోగికి, రిటైరయ్యాక కూడా, ఏడాదికి ఇన్నని ఉచిత ప్రయాణాలుంటాయి. ఫలానా స్టేషన్ నుంచి ఫలానా స్టేషన్‌కి అని రాసిస్తారు, ఇల్లాలితో సహా ఎక్కి కూర్చోవచ్చు. మా నాన్న కూడా వర్క్‌షాపులోనే వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన లెక్కలో భూమి రెండు రకాలు: పాస్ చెల్లేది, చెల్లనిది. రెండో రకం మీద కూడా మనుషులుంటారని ఆయన వినడమే గానీ నమ్మలేదు. చిన్నప్పుడే మేం కాశీ చూశాం, కన్యాకుమారి చూశాం, జమ్మూ చూశాం. ఊరవతల బంధువుల గృహప్రవేశానికి బస్సులో వెళ్ళాలంటే మాత్రం నాన్నకి ఆ పొద్దున్నే నడుం పట్టేసేది. నాకు సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆయన మొదట అడిగింది పిల్లాడి ఉద్యోగం కాదు, వాళ్ళ ఊరికి దగ్గర స్టేషన్ ఏదని.

నాయనమ్మ దీవికి రైలు లేదు. ఎక్కడో స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి, బస్సు దిగి పడవెక్కాలి. ఆమె పెళ్ళయ్యాక పుట్టింటివాళ్ళు కూడా దీవి వదిలి రైలున్న ఊరికి వచ్చేశారు. పురుళ్ళకీ పెళ్ళిళ్ళకీ అక్కడికే వెళ్ళొచ్చేది. దీవి మాత్రం మళ్ళీ కంటితో చూడలేదు. ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తానని తాత పెళ్ళిపీటల మీదే మాటిచ్చాడట. ఏటా పాస్ రాయించే రోజు వచ్చేది, ఆమె అడిగేది.

"ఈపాలైనా మా ఊరికి రాయించండి."

"అక్కడికి రైలు లేదే" అనేవాడు తాత.

తాత పోయాడు. పాస్ నాన్నదైంది. అడగడం ఆగలేదు, జవాబూ మారలేదు, చివర 'లేదే' బదులు 'లేదమ్మా' వచ్చింది, అంతే. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, కారు మాట్లాడతాను, నేను తీసుకెళ్తాను పద నాయనమ్మా అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"మాట మీ తాతది. తాత తరవాత మీ నాన్నది. మజ్జిలో నువ్వెవతివే?" అంది. ఒళ్ళు మండి వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె అది గమనించినట్టు కూడా లేదు.

ఇలా ఉండగా ఈ మధ్య ఒక దసరా వచ్చింది. మా పూరీ గేట్ వైపు తెలుగువాళ్ళం దుర్గాపూజకి ఒక పందిరి వేస్తాం. చుట్టూ బెంగాలీ పాడాలవాళ్ళు, అంటే వాళ్ళ పేటలవాళ్ళు, థీమ్ అంటూ ఒకరు రాజమహల్ కడతారు, ఒకరు గుహలు తవ్వినట్టు చూపిస్తారు. మాది మాత్రం ఏటా అవే వెదుళ్ళు, అవే గుడ్డలు, అవే గొలుసు దీపాలు. మా కుర్రాళ్ళకి రోషం వచ్చి మనకీ థీమ్ కావాలన్నారు. కమిటీ మీటింగులో ఎవరికీ ఏమీ తోచక టీ తాగుతుంటే, మా నాన్న లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ రేవు కడదాం" అన్నాడు.

ఆయన మనసులో ఏముందో నాకు వెంటనే అర్థమైంది. అమ్మని ఊరికి తీసుకెళ్ళలేదు కాబట్టి ఊరినే అమ్మ దగ్గరికి తెచ్చేద్దామని. దానికి పాస్ కూడా అక్కర్లేదు.

ఆ రోజు నుంచి నాన్న వాళ్ళమ్మ మంచం పక్కనే మకాం పెట్టాడు. గిడ్డంగి తలుపు ఎటు తెరుచుకునేది? దీపస్తంభం ఏ వైపు? ఆమె ఒకరోజు కుడి అనేది, ఒకరోజు ఎడమ అనేది. ఆయన రెండుసార్లూ నిజమేనని నమ్మి రెండు బొమ్మలు గీసేవాడు. అవి మామూలు బొమ్మలు కావు. వర్క్‌షాపు డ్రాయింగులు: పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది, నిలువునా కోసి చూస్తే ఎలా ఉంటుంది. పందిరి కట్టడానికి సాలువా వైపు నుంచి వచ్చే దాదా, అంటే మా వెదుళ్ళ కాంట్రాక్టరు, ఆ కాగితాలు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఎటా బొందర్, నా స్టేషన్?" అన్నాడు. ఇది రేవా, స్టేషనా అని.

ఆయన అడిగినప్పుడే మేం వినుండాల్సింది. కానీ అప్పటికే మా పేటలో రిటైరైన వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు చేతులు దురదపెట్టి దిగిపోయారు. వీళ్ళలో ఒక్కరూ రేవులో పనిచేసినవాళ్ళు కాదు. చేతులకి అలవాటైందే చేశాయి. సరుకు దించే గట్టు కట్టమంటే, అంచుకి పసుపు గీత గీసిన ప్లాట్‌ఫారం లేచింది. దాని మీద సిమెంటు బెంచీ, కుళాయి. దీపస్తంభం చక్కగానే వచ్చింది గానీ పైన తెల్ల దీపం బదులు ఎరుపూ ఆకుపచ్చా పెట్టారు.

"నాన్నా, అది దీపస్తంభం. సిగ్నల్ కాదు" అన్నాను.

"మరి రెండో ఓడ వస్తే? గ్రీన్ ఉందనుకుని వచ్చి గుద్దెయ్యదూ?" అన్నాడు.

"సముద్రంలో లైన్లుండవు నాన్నా."

"అందుకే మునిగిపోతుంటాయి" అన్నాడు.

ఇక ఓడ. అమ్మవారు అందులోనే కూర్చోవాలి. దుర్గమ్మ ఒక్కో ఏడు ఒక్కో వాహనం మీద వస్తుందని, అందులో పడవ కూడా ఉందని బెంగాలీలు అంటారు కాబట్టి దాదాకి ఈ ఒక్క విషయం బాగా నచ్చింది. రేకులు వంచి, అతికి, ఎంత గట్టిగా చేశారంటే అది నిజంగా నీళ్ళలో వేస్తే తేలదు గానీ పట్టాల మీద పెడితే ఢిల్లీ వెళ్తుంది. బోగీ రంగు వేశారు. కిటికీలకి ఊచలు పెట్టారు. లోపల లాగడానికి గొలుసు. వెనకాల ఎర్ర జెండా, పచ్చ జెండా. ముందు, బోగీలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టే బఫర్లు. చరిత్ర టీచరునని నన్ను పక్కన బోర్డు మీద ఆ రేవు వారసత్వం గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. రాశాను. ఆ బఫర్ల పక్కన నా నాలుగు ముక్కలు ఎవరు చదువుతారని నాకే దిగులేసింది.

అన్నిటికన్నా ఘోరం చివర జరిగింది. ఊరన్నాక పేరు బోర్డు ఉండాలి కదా అన్నారు పెయింటర్లు. వాళ్ళకి తెలిసిన పేరు బోర్డు ఒక్కటే. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, రెండు ఇనప స్తంభాల మధ్య, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, చూసేవాళ్ళ కోసం బెంగాలీ. నాయనమ్మ ఊరి పేరు నాలుగు భాషల్లో తళతళలాడింది. కింద సముద్ర మట్టానికి ఎత్తు అని రాసి, అంకె కోసం ఖాళీ ఉంచారు.

"నాన్నా, రేవుని మింగింది రైలని రోజూ అరుస్తుంది కదా. ఆ రేవులోనే స్టేషన్ బోర్డు పాతితే ఊరుకుంటుందా? తీయించు" అన్నాను. నాన్నకి కూడా నిజమే అనిపించింది. కానీ పెయింటింగు అంత బాగా వచ్చాక తీయించడానికి మనసొప్పలేదు. పండగ దాకా గోనె కప్పి ఉంచుదామన్నాడు. ఆ ఖాళీ మాత్రం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. అది లేకపోతే బోర్డు కాదట, ఒట్టి రేకట. హిజ్లీ ఇంజనీరింగ్ క్యాంపస్‌లో చదువుకునే ఒక తెలంగాణ కుర్రాడు, ఆదివారాలు మా ఇంటికి చారన్నానికి వచ్చేవాడు, ఫోన్‌లో మ్యాప్ తీసి చూసి, నీళ్ళకీ నేలకీ తేడా తెలియట్లేదంకుల్ అన్నాడు. చివరికి నాన్న మంచం దగ్గరికే వెళ్ళాడు.

"అమ్మా, మీ ఊరు సముద్రానికి ఎంత ఎత్తులో ఉండేది?"

"ఏల?"

"ఊరికే."

నాయనమ్మ దుప్పటి తీసి, తన మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఇంత. తుపానొస్తే ఇదీ లేదు" అంది.

నాన్న వెళ్ళి, ఖాళీలో 'మోకాలు' అని రాయించాడు.

షష్ఠి సాయంత్రం నాయనమ్మని తీసుకొచ్చాం. ఆ మోకాళ్ళు అరిగిపోయి చాలా కాలమైంది. అయినా చక్రాల కుర్చీ వద్దని, కర్ర పట్టుకుని, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి నడిచింది. పేటంతా అక్కడే ఉంది. డప్పులవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. ఈ రేవుని కళ్ళతో చూసిన మనిషి ఇక్కడ ఈమె ఒక్కతే, ఈమె ఏమంటే అదే తీర్పు.

దీపస్తంభం దగ్గర ఆగింది. ఎరుపు చూసింది, ఆకుపచ్చ చూసింది. "ఒళ్ళు బాగులేదేటి దీనికి?" అంది. ప్లాట్‌ఫారం మీద కుళాయి తిప్పి చూసింది. నీళ్ళొచ్చాయి. "మా రేవులో మంచినీళ్ళే లేవురా, ఇదొకటి బాగు సేసినారు" అంది. ఓడ దగ్గరికొచ్చి కిటికీ ఊచలు కర్రతో టంగుమనిపించింది.

"ఓడకి ఊసలేటిరా? సేపలు టికెట్టు లేకుండా ఎక్కేస్తాయనేటి?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వబోయాడు. అంతలో కుర్రాళ్ళెవరో ఉత్సాహం ఆపుకోలేక గోనె లాగేశారు. పసుపు బోర్డు మీద దీపాల వెలుగు పడింది.

నాయనమ్మకి చదువు పెద్దగా రాదు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఒక్కొక్క అక్షరం పెదాలతో పలికింది. ఊరి పేరు పూర్తయింది. ఇంక తిట్ల దండకం మొదలవుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. నాన్న ఓడ చాటుకి రెండడుగులు వేశాడు. ఆమె మెల్లగా ఆ బోర్డు కింద సిమెంటు బెంచీ మీద కూర్చుని, కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"ఒరే, ఇలా రా. ఇది టేసనేనా?"

"పందిరమ్మా..."

"టేసనా, కాదా?"

"టేసనేనమ్మా" అన్నాడు నాన్న నేల చూస్తూ.

"పేరు మా ఊరిదేనా?"

"మీ ఊరిదే."

"మీ నాన్న అక్కడికి రైలు లేదన్నాడు. నువ్వూ అదే అన్నావు. నాను ఎదురు సెప్పినానా? సెప్పలేదు. ఇప్పుడు నీ సేత్తోనే టేసను కట్టినావు. ఇంకేటి ఉన్నాది? పాసు రాయించు."

దాదా నా పక్కకొచ్చి ఆమె ఏమందని అడిగాడు. చెప్పాను. "ఠీక్ బోలేఛే", సరిగ్గానే అంది, అని తల ఊపాడు. నాకు ముందు పకపకా నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె ఊరికే దెప్పుతుందని అనుకున్నాం. ఆమె అడుగుతోంది, మేం వినలేదు.

పందిళ్ళ పోటీలో మాకు చిన్న బహుమతి కూడా వచ్చింది. చూడ్డానికొచ్చిన జడ్జీలు మాది రైల్వే వారసత్వం మీద కట్టిన పందిరి అనుకున్నారట. ఎవరూ సరిదిద్దలేదు.

చలికాలం మొదలవగానే నాన్న పాస్ రాయించాడు, ముగ్గురం దీవికి బయల్దేరాం. స్టేషన్ వరకూ పాస్ మీద, నాన్న మహారాజులా కూర్చున్నాడు. బస్సెక్కగానే నీరసపడిపోయాడు. కండక్టరు వస్తే అలవాటుగా పాస్ తీసి చూపించాడు. ఆయన దాన్ని చూసి, నాన్నని చూసి, టికెట్టు కోసిచ్చాడు. పడవ దగ్గర కూడా మా నాన్న ఊరుకోలేదు.

"రైల్వేవాళ్ళకి ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"ఇది ఏరు బావూ" అన్నాడు పడవతను.

నాయనమ్మ పడవలో ముందు కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. అది మా ఇంటి చరిత్రలో లేని సంగతి. నాన్న భయపడి ఆమెకి సోడా కావాలేమో అని రెండుసార్లు అడిగాడు.

దీవి మీద ఓ నాలుగు చేపల పడవలు, ఒక సెల్ టవర్, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు ఉన్నారు. గిడ్డంగి గోడ ఒకటి మిగిలింది, దాని మీద పిడకలు కొట్టారు. దీపస్తంభం ఉంది, సగం విరిగింది. అది రేవుకి ఏ వైపో చెప్పడానికి రేవు లేదు. ఇళ్ళుండాల్సిన చోట సముద్రం ఉంది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. నాన్న ముఖం చూడలేకపోయాను. తాత బతికుండగా, లేదా నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చుంటే, ఏ గోడో గుమ్మమో మిగిలుండేదని ఆయనకీ తెలుసు.

ఆమె మాత్రం దీపస్తంభం వైపు చూసింది, గోడ వైపు చూసింది, చెయ్యి చాపి గాలిలో ఏవో సందులు లెక్కపెట్టుకుంది. కర్ర నాకిచ్చింది. చీర కొంచెం పైకి దోపి, నాన్న చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. నాన్న ప్యాంటు మడవడానికి కూడా తీరిక ఇవ్వలేదు. ఇద్దరూ కొంత దూరం వెళ్ళాక ఆమె ఆగింది.

"ఇక్కడే. ఇదే మా ఇల్లు. ఈ పక్కన వొంటిల్లు" అంది. కిందికి చూసుకుంది. నీళ్ళు సరిగ్గా ఆమె మోకాళ్ళ దగ్గర ఆడుతున్నాయి. "సూసినావా, మోకాలెత్తే. బోర్డు మీద సరిగ్గానే రాసినావురా" అంది.

కొలత తప్పితే ఊరుకునే అలవాటు మా నాన్నకి లేదు. బోర్డు మీది మోకాలు నీళ్ళకి పైన, ఈ మోకాలు నీళ్ళ కింద. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు కూడా, గట్టు మీద నించున్న నాకు కనిపించింది. నాయనమ్మ ఆయన భుజం మీద బరువంతా వేసి నిలబడి ఉంది.

"అవునమ్మా, సరిగ్గానే ఉంది" అన్నాడు.